పదిహేను సెకన్లు ఆరు నిమిషాలయ్యే దారి

ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతంలో తరచుగా వినిపించే వేగాల్లో ఒకటి నిమిషానికి 128 దరువులు. నాలుగు దరువులు కలిస్తే ఒక బార్. మన తాళానికి ఆవర్తనం ఎలాగో ఈ సంగీతానికి బార్ అలాగ. ఈ వేగంలో ఎనిమిది బార్లు వాయించడానికి సరిగ్గా 15 సెకన్లు పడుతుంది. కంప్యూటర్ ముందు కూర్చుని సంగీతం కట్టేవాళ్ళలో చాలామంది మొదట తయారు చేసేది ఈ 15 సెకన్ల ముక్కనే. ఒక డ్రమ్ వరస, దాని కింద బేస్, పైన నాలుగైదు స్వరాల పలుకు. దాని చివరను మొదటికి కలిపి గానుగలా తిప్పుతారు. అదే లూప్. వినడానికి బాగుంటుంది, తల దానంతట అదే ఊగుతుంది. కానీ ఆరు నిమిషాల ట్రాక్ కావాలంటే అలాంటి పదిహేను సెకన్లు 24 కావాలి. ఒకటి చేతిలో ఉంది, మిగతా 23 ఎక్కడి నుంచి రావాలి? ఎక్కువ ప్రయత్నాలు ఆగిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. లూప్‌లో ఇరుక్కుపోయామని ఈ పని చేసేవాళ్ళు చెప్పుకునే బాధ ఇదే. అప్పుడు ఎవరికైనా మొదట తోచే ఉపాయం ఇంకో వాయిద్యం, ఇంకో వరస, ఇంకో చప్పుడు చేర్చడం. నేను చెప్పదలచుకున్నది దీనికి ఎదురు. లూప్‌ను ట్రాక్‌గా మార్చే అసలు పని తీసివేతలో ఉంది. శ్రోతకు ఒకదాన్ని అలవాటు చేయాలి, అలవాటైనదాన్ని తప్పించాలి, దానికోసం ఎదురుచూసేలా చేయాలి, అదను చూసి తిరిగి ఇవ్వాలి. దీనికి సంగీత చరిత్రలోనూ మెదడు శాస్త్రంలోనూ గట్టి ఆధారాలున్నాయి.

పునరుక్తిని దోషంగా లెక్కించడం మన సాహిత్యానికి అలవాటు. సంగీతంలో ఆ లెక్క చెల్లదు. 1948లో పారిస్‌లో రేడియో ఇంజినీరు పియేర్ షేఫర్ రైల్వే స్టేషన్‌లో పట్టిన చప్పుళ్ళను గ్రామఫోన్ రికార్డు మీదికి ఎక్కించి, సూది ముందుకు జరగకుండా ఒకే గాడిలో తిరిగేట్టు చేశారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు మీద ఒక చుట్టు అంటే ముప్పావు సెకను చిల్లర. తిరిగేకొద్దీ ఆ చప్పుడు రైలును గుర్తు చేయడం మానేసి స్వరంగా, లయగా వినబడసాగింది. మాట విషయంలోనూ ఇదే జరుగుతుంది. అమెరికాలోని శాన్ డియేగోలో మనస్తత్వ శాస్త్రవేత్త డయానా డాయిచ్ 1995లో తన గొంతుతోనే చదివిన వ్యాఖ్యానాన్ని సవరించుకుంటూ ఒక చిన్న పదబంధాన్ని తిరుగుతూ ఉండగా వదిలేశారు. కొన్ని చుట్లయ్యాక ఆ మాటలు పాటలా వినబడ్డాయి. ఆమె బృందం 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇంకో కీలకమైన సంగతి బయటపడింది. పదబంధం ప్రతిసారీ అచ్చం అలాగే వస్తేనే మాట పాటయింది. మధ్యలో శ్రుతిని కాస్త జరిపినా, అక్షరాల వరస తారుమారు చేసినా మాట మాటగానే మిగిలింది. అంటే మార్పు లేకపోవడం కూడా ఒక పని చేస్తోందన్నమాట. సంగీతాన్ని పరిశోధించే ఎలిజబెత్ మార్గులిస్ చేసిన పరీక్ష మరీ ఆసక్తికరం. పునరావృత్తిని దాదాపు దగ్గరికి రానివ్వని ఆధునిక స్వరకర్తలు లుచియానో బెరియో, ఎలియట్ కార్టర్ల రచనల ముక్కలు తీసుకుని, వాటిలో కొన్ని భాగాలను కంప్యూటర్‌లో కత్తిరించి మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు అతికించారు. శ్రోతలు ఆ అతుకుల ముక్కలే బాగున్నాయన్నారు, అవే మనిషి కట్టినవై ఉంటాయని కూడా అన్నారు. కాబట్టి లూప్ అంటే సోమరితనం అనే విమర్శను ఇక్కడితో పక్కన పెట్టవచ్చు. తిరిగి రావడం సంగీతానికి పునాది.

అయితే మెదడుకు ఇంకో స్వభావం కూడా ఉంది. మారకుండా వచ్చే శబ్దాన్ని అది క్రమంగా లెక్కలోంచి తీసేస్తుంది. రాత్రంతా తిరిగే ఫ్యాను చప్పుడు మనకు వినబడదు. కరెంటు పోయి ఫ్యాను ఆగిన క్షణంలో మాత్రం, అంతసేపూ ఒక చప్పుడు ఉందని తెలిసి మెలకువ వస్తుంది. ఈ చిన్న విషయంలోనే లూప్ సమస్యా ఉంది, దాని పరిష్కారమూ ఉంది. ముందు సమస్య సంగతి. లూప్ కట్టిన మనిషి చెవి, దాన్ని మొదటిసారి వినే మనిషి చెవి ఒకటి కావు. కట్టిన మనిషి ఆ 15 సెకన్లను ఒక్క సాయంత్రంలోనే వందల సార్లు విని ఉంటాడు. దేనికైనా పదే పదే ఎదురైతే దాని మీద ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జయాన్స్ ప్రయోగాలతో చూపించారు. ఆ ఇష్టం వల్ల లూప్‌లో ఏదీ తీయబుద్ధి కాదు, కొత్తగా కట్టిన ఏ భాగమైనా దాని పక్కన పరాయిగా తోస్తుంది. మరోవైపు వినీ వినీ విసుగు పుడుతుంది. ఆ విసుగు తీర్చుకోవడానికి ఒక్కొక్క పొరే చేరుస్తూ పోతాడు. కానీ చేర్పుకు భౌతికమైన హద్దు ఉంది. దగ్గర దగ్గర పౌనఃపున్యాలున్న రెండు శబ్దాలు ఒకేసారి మోగితే బలమైనది రెండోదాన్ని కప్పేస్తుంది. పొరలు పోగుపడేకొద్దీ వాటిలో కొన్ని చెవికి అందవు. అందనివి అలాగే ఉండిపోతాయి, చోటు మాత్రం తినేస్తాయి. నా అంచనాలో, ఆగిపోయిన లూపుల్లో ఎక్కువ భాగానికి జబ్బు సరుకు తక్కువై కాదు, ఎక్కువై.

ఇక పరిష్కారం. 2009లో బుడాపెస్ట్‌లో ఇష్త్వాన్ వింక్లర్ బృందం పుట్టి రెండు మూడు రోజులైన, నిద్రలో ఉన్న పసికందులకు ఒక డ్రమ్ వరస వినిపిస్తూ మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసింది. అప్పుడప్పుడు, బార్ మొదట్లో పడాల్సిన ముఖ్యమైన దరువును తప్పించారు. అక్కడ శబ్దం లేదు, అయినా పసికందుల మెదడు ఏదో తేడా జరిగినట్టు స్పందించింది. అంత ముఖ్యం కాని దరువులను తీసేసినప్పుడు అలాంటి స్పందన రాలేదు. ఈ ప్రయోగం నా వాదనకు వెన్నెముక. రావాల్సింది రాకపోవడం కూడా మెదడుకు ఒక సంఘటనే. పైగా ఏది రాకపోయిందన్నది చాలా ముఖ్యం. ఈ సంగతి ప్రయోగశాలకు తెలియడానికి ఎన్నో ఏళ్ళ ముందే జమైకాలో ఒక రేడియో మెకానిక్ చేతికి తెలుసు. కింగ్ టబ్బీ అని పేరుపడ్డ ఆస్‌బోర్న్ రడక్ 1970ల మొదట్లో కింగ్‌స్టన్‌లో, అప్పటికే రికార్డయిన పాటల నాలుగు ట్రాకుల టేపును మిక్సర్‌కు కలిపి, ఒక్కొక్క ట్రాకును మూస్తూ తెరుస్తూ కొత్త పాటలు పుట్టించారు. గొంతు ఒక్క పదం పలికి ప్రతిధ్వనిలో కరిగిపోతుంది, గిటార్ రెండు దరువులు మోగి మాయమవుతుంది, డ్రమ్ములూ బేసూ నడుస్తూనే ఉంటాయి. ఆయన ఒక్క కొత్త స్వరం కూడా వాయించలేదు. డబ్ అనే ఆ పద్ధతి నుంచే నేటి ఎలక్ట్రానిక్ సంగీతపు కూర్పులో చాలా వచ్చింది. అందుకే ఇప్పటి నిర్మాతల్లో చాలామంది నడిచే దారి కూడా ఇదే. పూర్తి లూప్‌ను ఆరు నిమిషాల పొడవునా పరుస్తారు, ఆ తర్వాత శిల్పి రాయిని చెక్కినట్టు అనవసరమైన చోట్ల చెరుపుతూ వస్తారు.

దేన్ని తీయాలన్న దానికి శరీరమే ఒక జవాబు చెబుతుంది. 2022లో వెలువడిన ఒక అధ్యయనం కోసం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఆర్ఫెక్స్ అనే ద్వయం నిజమైన కచేరీ చేసింది. చెవికి అందనంత లోతైన శబ్దాలను పుట్టించే స్పీకర్లను రెండున్నర నిమిషాలకొకసారి వేస్తూ ఆపుతూ పోయారు. అవి పనిచేస్తున్నప్పుడు జనం సగటున 11.8 శాతం ఎక్కువగా కదిలారు, వాటిని వేసింది ఆపింది మాత్రం గుర్తించలేదు. లోతైన శబ్దం చెవికే కాక ఒంటికీ చేరుతుంది. కిక్ డ్రమ్‌నూ బేస్‌నూ ఎనిమిది బార్లు తీసేసి తిరిగి తెచ్చినప్పుడు హాలంతా ఒక్కసారి లేవడంలో దీని పాత్ర చాలా ఉంటుందని నేననుకుంటాను. రెండో జవాబు నిరీక్షణ. 2011లో మాంట్రియల్‌లో వలోరీ సలింపూర్, రాబర్ట్ జటోరె బృందం, ఇష్టమైన సంగీతం వింటున్నవారి మెదడులో డోపమైన్ విడుదలను కొలిచింది. ఒళ్ళు జలదరించే క్షణంలో ఒక భాగంలోనూ, ఆ క్షణం రాబోతోందని తెలిసి ఎదురుచూసే కొన్ని సెకన్లలో వేరొక భాగంలోనూ అది పెరిగింది. అంటే ఎదురుచూపుకు దానిదైన సుఖం ఉంది. తీసేసిన కిక్, బేస్ ఒక్కసారిగా తిరిగొచ్చే క్షణాన్ని డ్రాప్ అంటారు. దానికి ముందు స్నేర్ డ్రమ్ దెబ్బలు బార్‌కు నాలుగు, ఎనిమిది, పదహారు అంటూ దగ్గరపడేది ఆ సుఖాన్ని సాగదీయడానికే. కర్ణాటక సంగీతం వినేవాళ్ళకు ఇది కొత్త కాదు. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకదానికొకటి జవాబిచ్చుకునే నిడివిని తగ్గించుకుంటూ వచ్చి చివరికి ముగింపు వరసైన కోర్వైలో కలుస్తాయి. త్యాగరాజ కృతిలో ఒకే పాదం సంగతి తర్వాత సంగతిగా పెరగడంలోనూ ఉన్నది ఇదే ఓర్పు. సాహిత్యం మారదు, ఒక్కొక్క మలుపే చేరుతుంది, ఏ సంగతీ ముందుదాన్ని మరిచిపోనివ్వదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. తీయడం పెట్టడం ఏమీ లేకుండా, ఒకే వరసను చివరిదాకా తిప్పిన గొప్ప ట్రాకులు లేవా? ఉన్నాయి. షికాగోకు చెందిన ఫ్యూచర్ బృందం 1987లో విడుదల చేసిన ‘యాసిడ్ ట్రాక్స్’ 11 నిమిషాలకు పైగా దాదాపు ఒకే బేస్ వరస మీద నడుస్తుంది. ఆ వరస పలికింది రోలండ్ టీబీ-303 అనే చిన్న పెట్టె. బేస్ గిటార్‌కు బదులుగా పనికొస్తుందని తయారుచేస్తే అమ్ముడుపోక 1984కే ఆగిపోయిన యంత్రం. కానీ జాగ్రత్తగా వింటే ఆ 11 నిమిషాల్లోనూ ఒకటి కదులుతూనే ఉంటుంది. అది ఫిల్టర్. కటాఫ్ మీట తిప్పితే పై పౌనఃపున్యాలు కొద్దికొద్దిగా మూసుకుపోతాయి, మళ్ళీ తెరుచుకుంటాయి. స్వరాలు అవే, నాదం వేరు. ఫిల్టర్ చేసేది కూడా తీసివేతే. టబ్బీ వాయిద్యాలను తీస్తే, వీళ్ళు ఒకే వాయిద్యంలోంచి నాదపు పొరలను తీశారు. కాబట్టి ఈ ఉదాహరణ నా వాదనను కూల్చకపోగా ఇంకా లోతుకు తీసుకెళ్తుంది. ఇదే పెట్టెతో అయిదేళ్ళ ముందే మన బొంబాయిలో ఇంకో పరిష్కారం పుట్టింది. సినిమా పాటలకు వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లో టీబీ-303, టీఆర్-808 డ్రమ్ మెషీన్, జూపిటర్-8 సింథసైజర్ పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద రికార్డు చేశారు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. దరువు మారకపోయినా ఆ ట్రాకులు ముందుకు సాగుతాయి. ఏ స్వరాన్ని ఎంతసేపు దాచి ఎప్పుడు బయటపెట్టాలో రాగానికి ముందే తెలుసు కదా! బ్రయన్ ఈనో దారి మరొకటి. 1978 నాటి ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’లో ఒక ట్రాకు కోసం ఆయన ఒక్కొక్క గొంతు స్వరాన్ని వేర్వేరు పొడవుల టేపు లూపుల మీద ఉంచారు. ఒకటి ఇరవైమూడున్నర సెకన్లకు, ఇంకోటి దాదాపు 26 సెకన్లకు, మరొకటి దాదాపు 30 సెకన్లకు తిరిగొస్తుంది. అవి మళ్ళీ అదే పొందికలో కలవడానికి చాలా కాలం పడుతుంది. ఇంట్లో కంప్యూటర్ మీద కూడా ఈ లెక్క పనిచేస్తుంది. దరువులో నాలుగో వంతును ఒక అడుగు అనుకుంటే, పదహారు, ఏడు, అయిదు అడుగుల మూడు వరసలు ఒకేసారి మొదలైతే మళ్ళీ కలిసేది 560 అడుగుల తర్వాత. 128 వేగంలో అది ఒక నిమిషం దాటుతుంది. తీసింది లేదు, చేర్చింది లేదు, కలయికను మాత్రం వాయిదా వేశాం.

ఇంకొందరి మాట వేరు. ఇదంతా అచ్చు పోసినదే కదా, ముప్పయిరెండు బార్లకొక మార్పు, మధ్యలో ఒక విరామం, ఆపైన డ్రాప్, ఇందులో కళ ఎక్కడ? అచ్చు ఉన్న మాట నిజం. 128 వేగంలో 32 బార్లు సరిగ్గా ఒక నిమిషం. డీజే ఒక ట్రాకు చివర మీద ఇంకో ట్రాకు మొదలును కలపాలంటే అటూ ఇటూ వట్టి డ్రమ్ములే ఉండే నిడివి కావాలి. ఆ అవసరంలోంచి వచ్చిన కొలత అది. కానీ అచ్చు చెప్పేది ఎప్పుడు అన్నదే. ఈ లూప్‌లో ఏది లేకపోతే శ్రోతకు లోటనిపిస్తుందో అది చెప్పలేదు. ఆ ఎంపిక చెవిది. లూప్‌ను అలాగే ఉంచాలన్న నియమం కూడా లేదు. 1969లో విన్‌స్టన్స్ బృందం రికార్డు చేసిన ‘ఆమెన్, బ్రదర్’లో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా వాయించిన నాలుగు బార్లు దాదాపు 7 సెకన్లే. 1990ల మొదట్లో లండన్ యువకులు ఆ 7 సెకన్లను ఒక్కొక్క దెబ్బగా తరిగి, వరస మార్చి, వేగం పెంచి జంగిల్ అనే ప్రక్రియనే నిలబెట్టారు. ఆ ముక్క వేల ట్రాకుల్లో ఉంది. కోల్‌మన్‌కు మాత్రం దాని మీద రాయల్టీ అందలేదు. ఈ అన్యాయాన్ని చెప్పకుండా ఆ 7 సెకన్ల గొప్పతనం చెప్పడం సరికాదు.

మీ కంప్యూటర్‌లోనూ సగంలో ఆగిన పదిహేను సెకన్లు ఉంటే, ఈ రాత్రికి దాన్ని వినకండి. రెండు మూడు రోజులు వదిలేసి, చెవి కొత్తదయ్యాక తెరవండి. కొత్త వాయిద్యం వెతక్కుండా, ఉన్నదాన్నే ఆరు నిమిషాల పొడవునా పరచండి. ఒక్కొక్క పొరనే ఆపి చూస్తూ, ఏది ఆగినప్పుడు మీ మనసు దానికోసం తడుముకుంటుందో గుర్తించండి. దాన్ని మొదటి రెండు నిమిషాల్లో బాగా అలవాటు చేసి, మూడో నిమిషంలో తీసేయండి. ఎప్పుడు తిరిగి ఇవ్వాలన్నది మాత్రం లూప్ గురించి ఏమీ తెలియని ఒక స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అతని ముఖం చూసి నిర్ణయించండి.