కుండీలో మొదటి మొక్క

“మా చేతివాసి మంచిది కాదండీ, ఇంట్లో మొక్క బ్రతకదు” అని చాలామంది మాతో అంటుంటారు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాము. వరండాలోని రెండు కలబంద కుండీలకు ప్రేమకొద్దీ పూటపూటా నీళ్లు పోశాము. వేరు కుళ్లి నెల తిరగకుండానే పోయాయి. కలబంద తన ఆకులోనే నీరు దాచుకుంటుందని అప్పట్లో మాకు తెలియదు.

కనుక ముందు మట్టిలో 2 కణుపుల లోతు వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే నీళ్లు వద్దు. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి.

కొత్తవారికి మనీప్లాంటు మేలు. పొరుగువారిని తీగముక్క అడిగితే కాదనరు. ఆకు పుట్టే కణుపు మునిగేలా సీసా నీటిలో ఉంచి, వారానికోసారి నీరు మారిస్తే 2, 3 వారాలలో వేళ్లు వస్తాయి. (డబ్బు మాత్రం మా ఇంటికి రాలేదు!) వెలుగు తక్కువైన గదికి స్నేక్ ప్లాంటు; 15 రోజులు ఊరెళ్లి వచ్చినా వాడదు.

పాకే పిల్లలున్నవారు జాగ్రత్త. మనీప్లాంటు చేమ కుటుంబానిది. ఆకు నమిలితే పచ్చి చేమదుంపలాగే నోరు, నాలుక మండి వాస్తాయి. వెంటనే నోరు కడగండి. ఊపిరి కష్టమైతే ఆసుపత్రికి పరుగెత్తాలి. మా సీసా ఇప్పుడు అలమర పైనుంది.