దెయ్యం బుట్టతో దోస్తీ!

మేఘాలయలోని గారోలు ఈ మొక్కని 'దెయ్యం బుట్ట' అంటారు. ఆకు కొసన వేలాడే కూజా అంచుకి తేనె కోసం వచ్చిన చీమ జర్రున జారి లోపలి ద్రవంలో పడిందా... ఇక అంతే, అరిగిపోవాల్సిందే! మనదేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ ఈ ఖాసియానా ఒక్కటే. అడవిలో పెకలించి అమ్ముకోవడం వల్ల కూడా అది అరుదైపోయింది. ఇప్పుడు పెంచాలంటే లైసెన్సు ఉండాలి. మన మొక్కే మనకి దొరక్కపోవడం వెలితే మరి.

సరదా తీరేదెలా అంటారా? నర్సరీల్లో సంకర రకాలున్నాయిగా. నాచులో నాటి వాననీళ్లు పోయాలి. బోరునీళ్లలోని లవణాలు పడవు. కుండీలో ఎరువు వేయకూడదు. ఆడ, మగ మొక్కలు వేరు కాబట్టి విత్తనం దొరకడం కష్టం. అందుకే పెంపకందారులు కొమ్మలు ఇచ్చిపుచ్చుకుంటారు. తెచ్చిన కొత్తలో కూజాలు ఎండిపోతే కంగారుపడొద్దు. ఇంటికి అలవాటుపడ్డాక కొత్తవి వేస్తుంది.