మజిలీలో మిగిలేదెంత?
సూరత్ నుండి దూరదేశాలకు విమాన ప్రయాణపు లెక్కలు

సూరత్: వజ్రాలకు సానపట్టే ఈ నగరం నుండి అమెరికాకు గాని, ఐరోపాకు గాని నేరుగా వెళ్ళే విమానం లేదు. ఇక్కడి నుండి దూరదేశాలకు బయలుదేరిన ప్రతి ప్రయాణీకుడూ దారిలో ఒకచోట, ఒక్కోసారి రెండు చోట్ల దిగి విమానం మారవలసిందే. ఎలాగూ దిగక తప్పనప్పుడు ఆ దిగేదేదో టిక్కెట్టు చవకగా దొరికే చోట దిగితే, వీలైతే ఒకటి రెండు రోజులు అక్కడే ఆగి ఆ ఊరు కూడా చూసి వెళ్తే పోయేదేముందన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. విమానయాన సంస్థల ప్రకటనలు కూడా ఈ ఆలోచనకే నీరు పోస్తున్నాయి. అయితే ఈ మజిలీ వల్ల లాభం ఎవరికన్నది టిక్కెట్టు మీద అచ్చయిన ధరను చూసినంత మాత్రాన తేలే విషయం కాదు.

ఈ లెక్క వేసుకునేవారు సూరత్‌లో వజ్రాల వ్యాపారులు మాత్రమే కారు. ఆంట్‌వెర్ప్, హాంకాంగ్, దుబాయి మార్కెట్లకు తిరిగే వర్తకుడికి ఒక రోజు ఆలస్యమైతే బేరం చెయ్యి జారవచ్చు. అతడు టిక్కెట్టు ధర కంటే గడియారాన్నే ఎక్కువగా చూస్తాడు. లింబాయత్, పర్వత్ పాటియా ప్రాంతాలలో మరమగ్గాల మీద జీవిస్తున్న తెలుగు కుటుంబాల సంగతి వేరు. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చి స్థిరపడిన పద్మశాలీల సంఖ్య ఇక్కడ తక్కువేమీ కాదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడిపిందంటేనే ఆ సంగతి బోధపడుతుంది. అటువంటి కుటుంబం నుండి ఒక కుర్రవాడు పైచదువుకు అమెరికా వెళ్తున్నాడంటే ఫీజులకు, వీసాకు చేసిన అప్పు మీద విమాన టిక్కెట్టు మరొక బరువు. అందులో పదిహేను, ఇరవై వేల రూపాయలు తగ్గినా ఆ ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

ఓడల నాటి నుండీ...

నిజానికి మజిలీ అన్నది సూరత్‌కు కొత్త మాట కాదు. మొగలాయిల కాలంలో హజ్ యాత్రికులు ఓడలెక్కిన రేవు ఇదే. ఈస్టిండియా కంపెనీ ఓడ 'హెక్టర్' 1607లో ఇంగ్లండు నుండి బయలుదేరి సియెరా లియోన్, గుడ్‌హోప్ అగ్రం, మడగాస్కర్, సొకోట్రాల వద్ద ఆగుతూ 1608 ఆగస్టులో సూరత్ రేవు చేరింది. మంచినీరు, తిండి నింపుకోవడానికి ఆగినవే ఆ మజిలీలన్నీ. కాశీ యాత్రకు కాలినడకన పోయిన మన పూర్వులకు సత్రాలు ఎటువంటివో, నావికులకు ఆ రేవులు అటువంటివి. విమానాలు వచ్చిన తర్వాత కూడా ఈ పరిస్థితి చాలాకాలం మారలేదు. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ తొలి విమానం 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయి నుండి లండన్‌కు వెళ్ళినప్పుడు కైరోలో, జెనీవాలో ఆగవలసి వచ్చింది.

ఇప్పటి విమానాలకు ఆ అవసరం లేదు. బొంబాయి నుండి న్యూయార్కుకు ఒకే ఊపున వెళ్ళగలవు. అయినా దారిలో ఆగే విమానాలే చవకగా దొరకడానికి కారణం ఇంధనం కాదు, సీట్లు. దుబాయి, దోహా, అబూధాబీ వంటి నగరాలకు చెందిన సంస్థలకు స్వదేశంలో ప్రయాణీకులు స్వల్పం. ఒక దేశపు ప్రయాణీకులను తమ ఊరికి తెచ్చి, అక్కడ విమానం మార్పించి, మరొక దేశానికి చేర్చడమే వాటి వ్యాపారం. 1985 అక్టోబరులో కరాచీ, బొంబాయి, ఢిల్లీలకు విమానాలు నడపడంతో మొదలైన ఎమిరేట్స్ ఇంత పెద్దది కావడానికి మూలం ఇక్కడే ఉన్నది. నేరుగా వెళ్ళే విమానానికి తొందరలో ఉన్నవారు ఎంతైనా చెల్లిస్తారు. వారిని తమవైపు తిప్పుకోలేని సంస్థలు ధర తగ్గించి తక్కినవారిని పిలుస్తాయి. అంటే ప్రయాణీకుడు తన సమయాన్ని, సుఖాన్ని అమ్ముకుంటున్నాడన్న మాట. ఆ అమ్మకానికి గిట్టుబాటు ధర వస్తున్నదా అన్నదే ప్రశ్న.

ఈ కిటుకును ముందుగా కనిపెట్టింది గల్ఫ్ సంస్థలు కావు. చిన్న ద్వీపదేశమైన ఐస్‌లాండ్‌కు చెందిన లోఫ్ట్‌లైదిర్ సంస్థ 1950 దశకం నుండే అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం నిర్ణయించిన రేట్లకు కట్టుబడకుండా అట్లాంటిక్ మీదుగా చవక ప్రయాణం సాగించింది. దారిలో రేక్యవిక్‌లో దిగి కొన్నాళ్ళు ఉండి పొమ్మని ప్రయాణీకులను ఆహ్వానించింది. ఆ ఆహ్వానమే ఇప్పుడు పెద్ద పెద్ద సంస్థలన్నింటికీ ప్రచార సాధనమైంది.

గీత 24 గంటల వద్ద

అంతర్జాతీయ టిక్కెట్లలో 24 గంటలన్నది ఒక గీత. అంతకు లోపు ఆగితే అది విమానం మారడం మాత్రమే. 24 గంటలు దాటితే మజిలీ. అంతవరకు ఒకే ప్రయాణంగా లెక్కకు వచ్చినది మజిలీ వేయగానే రెండు ముక్కలు కావచ్చు, ఛార్జీ పెరగవచ్చు. కొన్ని సంస్థలు మజిలీకి అదనపు ఛార్జీ తీసుకోవు, కొన్ని తీసుకుంటాయి. ఈ నిబంధన టిక్కెట్టు షరతులలో ఉంటుంది గాని ప్రకటనలో ఉండదు.

ఛార్జీ పెరగకపోయినా పన్ను పెరగవచ్చు. లండన్‌లో 24 గంటల లోపు విమానం మారి అమెరికా వెళ్ళే ప్రయాణీకుడికి బ్రిటిష్ విమాన ప్రయాణపు సుంకం వర్తించదు. అదే ప్రయాణీకుడు లండన్‌లో ఉన్న బంధువుల ఇంట రెండు రోజులు ఉండి బయలుదేరితే సుంకం పడుతుంది. అమెరికా దూరానికి ఎకానమీ తరగతిలో ఈ సుంకం 2025 ఏప్రిల్ నుండి 90 పౌండ్లు అయింది. ఆ లెక్కన నలుగురు పెద్దలున్న కుటుంబానికి 360 పౌండ్లు. బంధువుల ఇంట భోజనం ఉచితమే కావచ్చు!

ఇందుకు భిన్నంగా ఇస్తాంబుల్ మీదుగా పోయే టర్కీ సంస్థ, అర్హత గల దేశాల ప్రయాణీకులకు 20 గంటలకు మించిన మజిలీలో ఒక రాత్రి హోటలు వసతిని ఉచితంగా ఇచ్చే పథకం నడిపింది. సింగపూరు విమానాశ్రయంలో కనీసం ఐదున్నర గంటలు ఆగేవారికి ఉచితంగా నగరం చూపించే ఏర్పాటు చేశారు. వినడానికి ఇవన్నీ బాగున్నవే. అయితే విమానాశ్రయం గేటు దాటాలంటే ఆ దేశపు ప్రవేశానుమతి ఉండాలి. భారతీయ పాస్‌పోర్టు గలవారికి వచ్చే మొదటి ఇబ్బంది ఇదే. అమెరికా వీసా గాని, గ్రీన్‌కార్డు గాని ఉన్నవారికి యు.ఏ.ఈ. వంటి దేశాలు కొన్ని షరతులతో సడలింపు ఇచ్చాయి. అవేవీ లేనివారు ముందుగా ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి. కొన్ని దేశాలలోనైతే బయటికి అడుగు పెట్టకుండా విమానం మారడానికి సైతం భారతీయుల నుండి ట్రాన్సిట్ వీసా కోరుతూ వచ్చారు. ఈ నిబంధనలు ఏటా మారుతుంటాయి. నిరుడు వెళ్ళివచ్చిన పక్కింటివారి మాటను నమ్ముకుని టిక్కెట్టు కొనడం క్షేమం కాదు.

షార్జా చిక్కు

సూరత్ విమానాశ్రయానికి విదేశీ రాకపోకలు 2019 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ నడిపిన షార్జా విమానంతో మొదలయ్యాయి. 2023 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దీనిని అంతర్జాతీయ విమానాశ్రయంగా ప్రకటించింది. అదే నెల 17న ప్రధాని నరేంద్ర మోడీ కొత్త టెర్మినల్‌ను, సూరత్ డైమండ్ బోర్స్‌ను ప్రారంభించారు. దుబాయి సర్వీసు అప్పుడే వచ్చింది. 2024 డిసెంబరులో బ్యాంకాక్ సర్వీసు తోడయింది.

ఈ సర్వీసులు వచ్చిన తర్వాత సూరత్ ప్రయాణీకుడికి కొత్త ఆశ పుట్టింది. సూరత్ నుండి షార్జాకు ఒక చవక టిక్కెట్టు, అక్కడికి చేరువలోనే ఉన్న దుబాయి నుండి అమెరికాకో, లండన్‌కో మరొక టిక్కెట్టు విడివిడిగా కొంటే, బొంబాయి నుండి కొనే ఒక టిక్కెట్టు కంటే తక్కువ పడవచ్చు. కాగితం మీద లెక్క సరిగానే ఉంటుంది. చిక్కంతా షార్జాలో దిగిన తర్వాతే. షార్జా, దుబాయి వేర్వేరు విమానాశ్రయాలు. ఒకదాని నుండి మరొకదానికి రోడ్డు మీద వెళ్ళాలి. అందుకు వీసా కావాలి, టాక్సీ కావాలి. సామాను అక్కడ దించుకుని, ఇక్కడ మళ్ళీ అప్పగించాలి. అమెరికా వెళ్ళే విమానాలలో సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండింటిని అనుమతిస్తే, చవక విమానాలలో అంత బరువుకు అనుమతి ఉండదు. అదనపు కిలోలకు డబ్బు చెల్లించాలి. పచ్చళ్ళు, పొడులు, బియ్యం సర్దుకుని బయలుదేరే విద్యార్థికి ఈ ఖర్చు తప్పేది కాదు.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఒకే టిక్కెట్టు మీద వెళ్ళేవారి మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతే మరో విమానంలో పంపవలసిన బాధ్యత సంస్థదే. రెండు టిక్కెట్లు కొన్నవారి విషయంలో ఆ బాధ్యత ఎవరిదీ కాదు. రెండవ సంస్థ దృష్టిలో అతడు రాని ప్రయాణీకుడు, అంతే. తక్కువ ధర టిక్కెట్టయితే డబ్బు కూడా తిరిగి రాదు. 2025 జూన్ 23న ఖతార్ గగనతలాన్ని మూసివేసినప్పుడు దోహాకు రావలసిన విమానాలు దారి మళ్ళి, వేలాది ప్రయాణీకులు మధ్యలో చిక్కుకుపోయారు. అటువంటి సమయాలలో చేతిలో ఉన్నది ఒక టిక్కెట్టా, రెండా అన్నదానిని బట్టే ప్రయాణీకుడి గతి నిర్ణయమవుతుంది.

మరొక సంగతి కూడా చాలామందికి తెలియదు. సూరత్-ఢిల్లీ-లండన్ అని ఒకే టిక్కెట్టు కొని, చివరి నిమిషంలో రైలులో ఢిల్లీ చేరి అక్కడ విమానం ఎక్కుదామంటే కుదరదు. మొదటి అంచె వాడుకోకపోతే తక్కిన అంచెలన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, రద్దు కావచ్చు. చివరి అంచె వదిలేసి దారిలోనే దిగిపోయే ఉపాయాన్ని సైతం సంస్థలు సహించడం లేదు. ఇటువంటి టిక్కెట్లు చూపే స్కిప్‌లాగ్డ్ సంస్థపై అమెరికన్ ఎయిర్‌లైన్స్ వేసిన దావాలో 2024 అక్టోబరులో టెక్సాస్ జ్యూరీ 94 లక్షల డాలర్లు చెల్లించవలసిందిగా తేల్చింది.

పేరు వచ్చింది గాని...

అంతర్జాతీయ హోదా వచ్చినంత మాత్రాన విదేశీ సంస్థలు తమంతట తాము వచ్చి వాలవు. ఏ విదేశీ సంస్థ ఏ నగరానికి, వారానికి ఎన్ని సీట్లు నడపవచ్చునో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం నిర్ణయిస్తుంది. దుబాయితో భారత్‌కు ఉన్న ఒప్పందంలో ఒక్కొక్క పక్షానికి వారానికి సుమారు 66 వేల సీట్లు కేటాయించారు. దుబాయి మరిన్ని కోరినా, దూరదేశాల ప్రయాణీకులు గల్ఫ్ మీదుగా తరలిపోతారన్న కారణంతో భారత ప్రభుత్వం ఏళ్ళ తరబడి అంగీకరించలేదు. 2018 డిసెంబరులో ప్రారంభమైన కేరళలోని కన్నూరు విమానాశ్రయం విదేశీ సంస్థలకు అనుమతి కోసం సంవత్సరాల తరబడి ఎదురుచూడటం ఇందుకు నిదర్శనం. సూరత్ నుండి మొదలైన షార్జా, దుబాయి, బ్యాంకాక్ సర్వీసులు మూడూ భారతీయ సంస్థ నడిపినవే. ఎమిరేట్స్ వంటి సంస్థ సూరత్ నుండే ఒకే టిక్కెట్టు మీద, పెట్టె చూసుకునే పని లేకుండా న్యూయార్కుకు చేర్చే ఏర్పాటుంటే షార్జా చిక్కు చాలావరకు ఉండేది కాదు. విమాన సంస్థల మధ్య పోటీలో దేశీయ సంస్థలను కాపాడటం ప్రభుత్వ దృష్టిలో సమంజసమే కావచ్చు. ఆ కాపుదల ఖర్చులో కొంత చిన్న నగరాల ప్రయాణీకుల జేబు నుండి పోతున్నదన్నది కూడా కాదనలేని విషయం.

దేశీయ సంస్థల పరిస్థితి కూడా అంత సజావుగా లేకపోయింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేయడంతో ఎయిర్ ఇండియా ఉత్తర అమెరికా విమానాలు కొన్ని వియన్నా, కోపెన్‌హాగన్‌లలో ఇంధనం కోసం దిగవలసి వచ్చింది. నేరుగా వెళ్ళడానికి ఎక్కువ ధర చెల్లించినవారికీ మజిలీ తప్పలేదు.

ఇక రూపాయల లెక్క. అంకెలు ఊహించినవే గాని పద్ధతి నిజం. బొంబాయి నుండి న్యూయార్కుకు నేరుగా వెళ్ళే టిక్కెట్టు 95 వేలు, గల్ఫ్‌లో విమానం మారుతూ ఒకే టిక్కెట్టు మీద వెళ్తే 75 వేలు, షార్జా-దుబాయి పద్ధతిలో రెండు టిక్కెట్లు కలిపి 65 వేలు అనుకుందాం. మూడవదానికి వీసా ఖర్చు, టాక్సీ, అదనపు సామాను, విమానం తప్పకుండా ముందురోజే చేరితే ఒక రాత్రి హోటలు కలపాలి. ఇవన్నీ కలిపితే మిగిలిన 10 వేలు మిగలవు. పైగా విమానం తప్పితే భరించవలసింది తానే. రెండవ పద్ధతిలోనైతే సూరత్ నుండి బొంబాయి వరకు 263 కిలోమీటర్ల రైలు ఛార్జీ, స్టేషను నుండి విమానాశ్రయానికి టాక్సీ పోను 17 వేల పైచిలుకు చేతిలో ఉంటుంది. మజిలీలో హోటలు కావాలనుకునేవారు టిక్కెట్టును, హోటలును ఒకే ప్యాకేజీగా కొంటే దానిని విదేశీ యాత్రా ప్యాకేజీగా పరిగణించి ముందుగానే పన్ను వసూలు చేస్తారు. విడిగా కొన్న టిక్కెట్టుకు ఆ పన్ను లేదు. రిటర్ను దాఖలు చేసినప్పుడు దానిని సర్దుబాటు చేసుకోవచ్చు గాని, బయలుదేరే నాటికి ఆ డబ్బు చేతిలో ఉండదు.

అందుచేత రాత్రి రైలుకు రెండు పెద్ద పెట్టెలతో సూరత్ స్టేషనులో నిలబడే విద్యార్థి, ఊరి విమానాశ్రయంలో షార్జా విమానం ఉండగా, బొంబాయి దారి పట్టడం తెలివితక్కువ పనేమీ కాదు.