షెల్‌లో ఒక్క స్పేస్ ఎంత పని చేస్తుందో తెలుసా?

ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని బ్యాష్ నేర్చుకుంటున్నారా? అయితే డిలీట్ కమాండ్ ముట్టుకునే ముందు ఈ ఎపిసోడ్ చూసేయండి.

'వాట్సాప్ ఇమేజెస్' ఫోల్డర్ మనందరికీ తెలిసిందే. ఆ పేరు మధ్యలో ఒక స్పేస్ ఉంది, గమనించండి. దాని కాపీ ఒకటి మీ దగ్గర ఉంది, పక్కనే 'వాట్సాప్' అనే అసలు ఫోల్డర్ ఉంది అనుకుందాం. కాపీ అక్కర్లేదని ఆర్‌ఎం కొట్టి, మైనస్ ఆర్ పెట్టి, వాట్సాప్ ఇమేజెస్ అని టైప్ చేశారు. ఏమవుతుంది?

షెల్ ముందు ఆ లైన్‌ని స్పేసుల దగ్గర ముక్కలు చేస్తుంది. తర్వాతే కమాండ్‌కి అందిస్తుంది. అంటే ఆర్‌ఎంకి రెండు పేర్లు వెళ్తాయి: వాట్సాప్ ఒకటి, ఇమేజెస్ ఒకటి. మొదటిది దొరికింది, మొత్తం పోయింది. రెండోది లేదు, ఎర్రర్ వచ్చింది. మీరు తీసేద్దామనుకున్న కాపీ మాత్రం అలాగే ఉంది! ఆర్‌ఎంకి రీసైకిల్ బిన్ కూడా లేదు.

అందుకే కోట్స్. "వాట్సాప్ ఇమేజెస్" అని రాస్తే, ఇక్కడ కోయొద్దని షెల్‌కి చెప్పినట్టు. పేరు ఒక్క ముక్కగా వెళ్తుంది. ఆ కోట్స్‌ని షెల్ తనే తీసేస్తుంది, అవి కమాండ్ దాకా వెళ్లవు.

సింగిల్ కోట్స్‌కీ డబుల్ కోట్స్‌కీ తేడా ఏంటి? డబుల్ లోపల డాలర్ గుర్తు పనిచేస్తుంది, వేరియబుల్‌లో ఉన్న విలువ వస్తుంది. సింగిల్ లోపల రాసింది రాసినట్టే ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వేరియబుల్‌లో పేరు దాచేటప్పుడు కోట్స్ పెడతారు, వాడేటప్పుడు వదిలేస్తారు. కోట్స్ లేని చోట బ్యాష్ ఆ విలువని తెచ్చి మళ్లీ స్పేసుల దగ్గర కోస్తుంది. కాబట్టి వాడిన ప్రతిచోటా కోట్స్ ఉండాల్సిందే.

పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తగిలింది. 2001 నవంబర్‌లో యాపిల్ ఐట్యూన్స్ 2.0 ఇన్‌స్టాలర్, డిస్క్ పేరులో స్పేస్ ఉన్న కొన్ని మ్యాకుల్లో డేటా తుడిచేసింది. స్క్రిప్ట్‌లో వేరియబుల్ చుట్టూ కోట్స్ లేవు. వెంటనే 2.0.1 తేవాల్సి వచ్చింది.

మరి మనమేం చేయాలి? డాలర్ కనిపిస్తే చుట్టూ డబుల్ కోట్స్ పెట్టండి. పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కండి, స్పేస్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి షెల్లే పూర్తి చేస్తుంది. ఇక ఆర్‌ఎం కొట్టే ముందు అదే పేరుతో ఎల్‌ఎస్ కొట్టి, ఏం దొరుకుతుందో చూసుకోండి. రెండు సెకన్ల పని, ఏళ్ల ఫొటోలు మిగులుతాయి.