సిరిసిల్ల సాంచెల చప్పుడు వెంట

తంగళ్లపల్లి దాటి, మానేరు వాగు మీది వంతెనెక్కితే అవతలి ఒడ్డున సిరిసిల్ల. ఊళ్లోకి వెళ్లి బీవై నగర్ వైపో, సుందరయ్యనగర్ వైపో గల్లీల్లోకి మళ్లితే ఊరు కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. రేకుల షెడ్లలోంచి, ఇంటి వెనక గదుల్లోంచి ఎడతెగని టకటక. మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. ఇరవై ఐదు వేలకు పైగా సాంచెలున్న పట్టణమిది. నాడె ఇటు నుంచి అటు పరుగు తీసి, కొట్టుకుని, మళ్లీ వెనక్కి వచ్చే చప్పుడు వేల ఇళ్లలో ఒకేసారి వినిపిస్తుంది. చప్పుడు వినిపిస్తే ఊళ్లో పనున్నట్టు. వినిపించని రోజులనూ ఈ ఊరు చాలానే చూసింది.

పోయిన శతాబ్దం సగం దాకా ఇక్కడి పద్మశాలీలవి గుంట మగ్గాలే. చేతినేతతో పూట గడవక వేలమంది భివండీ, షోలాపూర్, ముంబై, సూరత్‌లకు బతుకుదెరువు వెతుక్కుంటూ పోయారు. అక్కడి మిల్లుల్లో, కార్ఖానాల్లో మరమగ్గం పని నేర్చుకున్నారు. వారిలో కొందరు పాత సాంచెలు కొని లారీల మీద సొంతూరికి తెచ్చుకున్నారు. వలస వెళ్లిన మనుషులు ఒక పరిశ్రమను వెంటబెట్టుకుని తిరిగొచ్చారన్నమాట. దేశంలో తయారయ్యే బట్టలో సగానికి పైగా మరమగ్గాల మీదే వస్తోంది. అందులో పెద్ద భాగం ఇలాంటి ఇరుకు గల్లీలు నేసిందే.

ఒక సాంచె ముందు కాసేపు నిలబడితే ఈ పనిలోని లెక్క అర్థమవుతుంది. వెనకవైపు పడుగు చుట్టిన భీము. దాన్నుంచి వేల పోగులు అచ్చు పళ్లలోంచి సాగి ముందుకొస్తాయి. నాడెలో పేక నూలు చుట్టిన కండె. నాడె ఒకసారి దాటితే ఒక పిక్కు. నిమిషానికి 120 పిక్కులు వేసే సాంచె మీద అంగుళానికి 48 పిక్కుల బట్ట నేస్తే నిమిషానికి రెండున్నర అంగుళాలు, పోగు తెగకుండా సాగితే గంటకు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ. కార్మికుడు ఒక్కడే ఎనిమిదో పదో సాంచెల మధ్య తిరుగుతూ ఉంటాడు. ఎక్కడ కండె అయిపోయింది, ఎక్కడ పోగు తెగింది అని చూడటమే అతని పని. తెగిన పోగును వేళ్లతో అందుకుని ముడివేసి సాంచెను మళ్లీ నడిపించడానికి అతనికి పట్టే సమయం కొన్ని క్షణాలే. ఆ వేళ్ల వేగాన్ని ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది.

సాంచె ఎవరిది, నూలు ఎవరిది, బట్ట ఎవరిది? ఈ మూడు ప్రశ్నల్లోనే సిరిసిల్ల చరిత్రంతా ఉంది. నూలు కొని భీములు పట్టించేది యజమాని. నాలుగో ఎనిమిదో సాంచెలు పెట్టుకుని కూలికి నేసిచ్చేది ఆసామి. ఆసామి దగ్గర పనిచేసేది కార్మికుడు. పాలిస్టర్ నూలు గుజరాత్, మహారాష్ట్రల నుంచి వస్తుంది. నేసిన బట్ట చాలావరకు రంగు పడకుండానే బయటి ఊళ్లకు వెళుతుంది. అక్కడ రంగూ అద్దకమూ పూర్తయ్యాక దానికి సిరిసిల్ల పేరు ఉండదు. లంగాల బట్ట, లైనింగ్ బట్ట కొనేవారిలో అది ఏ ఊరి నేతో ఎరిగినవారు ఎందరు? ధర పెరిగేదంతా బట్ట ఊరు దాటాకే. కరెంటు బిల్లు, నూలు రేటు, కూలి భారం మాత్రం ఊళ్లోనే ఉండిపోతాయి. 1990ల నుంచి ఏళ్ల తరబడి ఇక్కడ నేతకార్మికుల ఆత్మహత్యలు వార్తలయ్యాయంటే మూలం ఇందులోనే ఉంది. కరెంటు ఛార్జీల్లో సగం రాయితీ ఆ తర్వాత వచ్చిన ఊరట.

2017లో, పండుగకు మహిళలకు రాష్ట్ర ప్రభుత్వం పంచే బతుకమ్మ చీరల పథకం వచ్చింది. తొలి ఏడాది కొంత సరుకు సూరత్ నుంచి తెప్పించి విమర్శలు మూటగట్టుకున్న ప్రభుత్వం, తర్వాత సిరిసిల్లకే పని అప్పగించింది. ఏటా దాదాపు కోటి చీరలు! రవికె గుడ్డతో కలిపి చీరకు ఆరు మీటర్లనుకున్నా అరవై వేల కిలోమీటర్ల బట్ట. భూమి చుట్టూ ఒకటిన్నరసార్లు చుట్టిరావచ్చు. లంగాల బట్టకు అలవాటుపడ్డ సాంచెలకు డిజైన్లు నేసే డాబీలు, జకార్డులు బిగించారు. అంచులు, బుట్టలు నేయడం నేర్చుకున్నారు. ఆ నేర్పు ఊరికి మిగిలింది. కానీ కొనేవాడు ఒక్కడే కావడంలోని ప్రమాదం 2024లో బయటపడింది. పాత బకాయిలు రాలేదు, కొత్త ఆర్డర్లు లేవు, సాంచెలు ఆగిపోయాయి. తర్వాత మహిళా సంఘాల సభ్యులకిచ్చే ఇందిరమ్మ చీరలతో, బడి పిల్లల యూనిఫాం బట్టతో మళ్లీ పని పుంజుకుంది. నూలు అప్పుగా అందించేందుకు వేములవాడలో డిపో పెట్టారు. ఇవన్నీ అవసరమే. అయినా నిఖార్సైన బజారును ప్రభుత్వ ఆర్డరు ఎన్నటికీ భర్తీ చేయలేదన్నది నా గట్టి నమ్మకం.

ఇంత మోటారు హోరులోనూ చేతిమగ్గం ఇంకా బతికే ఉండటం ఈ ఊరి విశేషం. అగ్గిపెట్టెలో ఇమిడే పట్టుచీర నేసి పేరు తెచ్చుకున్న నల్ల పరంధాములుది సిరిసిల్లే. ఐదు మీటర్లకు పైబడ్డ చీర రెండు వేళ్ల మధ్య పట్టే పెట్టెలో ఒదగాలంటే పోగు ఎంత సన్నగా ఉండాలో ఊహించండి. అంత సన్నని పోగు తెగబోయే ముందు చేతికి తెలుస్తుంది, మోటారుకు తెలియదు. ఆయన కుమారుడు విజయ్ అదే విద్యను కొనసాగిస్తూ 27 రకాల సుగంధ ద్రవ్యాలతో పరిమళించే పట్టుచీరనూ తయారుచేశారు. మరో నేతకారుడు వెల్ది హరిప్రసాద్ మగ్గంపై నేసి పంపిన జీ20 చిహ్నాన్ని 2022 నవంబర్‌లో ప్రధాని తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రస్తావించారు.

సాంచెల ఇళ్లలో గమనించాల్సింది మరొకటుంది. మగవారు షెడ్డులో ఉంటే, ఆడవారు గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం కట్టే ఆ వేళ్లదీ నేర్పే. ఊరి శివారు పెద్దూరులో అపారెల్ పార్కు పెట్టింది ఇలాంటి మహిళలను కుట్టుమిషన్ల ముందు కూర్చోబెట్టడానికే. సిరిసిల్లకు దాని అవసరం ఎంతో చెప్పాలంటే బంగ్లాదేశ్ వైపు చూడాలి. పత్తి నామమాత్రంగా పండే ఆ దేశం 1970ల చివర్లో దుస్తుల ఎగుమతి మొదలుపెట్టింది. ఇవాళ దాని ఎగుమతుల్లో ఎనభై శాతానికి పైగా దుస్తులే. పనిచేసేవారిలో సగానికి మించి మహిళలే. 2013లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, భవనాల భద్రత అంటే ఏమిటో కూడా చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది. మన దగ్గర పత్తి ఉంది, నేత ఉంది, పని కోసం చూసే చేతులున్నాయి. బట్టను చొక్కాగా మార్చే చివరి అంచె మాత్రం పలచన. బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కులో ఆధునిక మగ్గాలొచ్చాయి. వాటికీ పెద్దూరు కుట్టుమిషన్లకూ మధ్య రంగుల పని ఊళ్లోనే స్థిరపడితే, సిరిసిల్ల బట్ట సిరిసిల్ల చొక్కాగా బయటికెళ్తుంది.

సిరిసిల్ల చూడాలనుకుంటే, హైదరాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ నుంచి సిద్దిపేట మీదుగా వచ్చే బస్సుల్లో దాదాపు 140 కిలోమీటర్ల ప్రయాణం. కరీంనగర్ నుంచి 40 కిలోమీటర్లు. వేములవాడ రాజన్న దర్శనానికి వచ్చినవారు మరో పన్నెండు కిలోమీటర్లు వస్తే చాలు. షెడ్లలోకి వెళ్లేముందు లోపలివారిని అడగండి, పైట, చున్నీ దగ్గరగా చుట్టుకోండి, తిరిగే పట్టాలకు దూరంగా నిలబడండి. రైలు మార్గం మనోహరాబాద్ నుంచి సిద్దిపేట దాకా వచ్చింది, సిరిసిల్ల మీదుగా కొత్తపల్లి వరకు సాగాల్సి ఉంది. అది పూర్తయితే నూలు మూటలు రావడానికి, బట్ట తానులు పోవడానికి లారీ ఒక్కటే గతి కాబోదు.