సిమెంటు పడిన కంటికి మూలకణాల వైద్యం

సైటులో సిమెంటు కలిపేటప్పుడు, సున్నం పని చేసేటప్పుడు కంట్లో పడటం మన అన్నదమ్ములకు కొత్త కాదు. చాలామంది కన్ను నలుపుకుని, డ్యూటీ అయ్యాక చూద్దాంలే అనుకుంటారు. ఆ ఆలస్యమే చూపు తీస్తుంది. మేము టైంషీట్లు రాసుకునే గుమస్తాలం, డాక్టర్లం కాము. అయినా ఈ సంగతి మీ చెవిన వేయాలనిపించింది.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట సన్నని అంచు ఉంటుంది. మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, అక్కడ ఉంటాయి. నల్లగుడ్డు మీది పల్చని పొర అరిగిపోతుంటే ఇవి కొత్త కణాలను పుట్టిస్తుంటాయి. పొలానికి నారుమడి ఎలాగో కంటికి ఇవి అలాగ. సిమెంటులో, సున్నంలో ఉండే క్షారం ఆ మడిని కాల్చేస్తే తెల్లగుడ్డు పొర, రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకుతాయి. చూపు మసకబారుతుంది. అప్పుడు దానం చేసిన కార్నియా ఒక్కటే వేసినా నిలవదు.

1997లో ఇటలీ శాస్త్రవేత్తలు దీనికి దారి చూపారు. రోగి మంచి కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబులో పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించారు. మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ వైద్యం 2001లో మొదలైంది. అక్కడి డాక్టర్లే 2012లో ఇంకా సులువైన పద్ధతి ప్రకటించారు. 2 మిల్లీమీటర్ల ముక్కను చిన్న తునకలు చేసి, ఉమ్మనీటి సంచి పొర మీద పేర్చి కంటికి అతికిస్తారు. ల్యాబు అవసరం లేదు, కణాలు కంటి మీదే పెరుగుతాయి. సొంత కణాలు కాబట్టి శరీరం వాటిని తోసెయ్యదు. అయితే రెండు కళ్ళూ కాలితే సొంత కణాలు దొరకడం కష్టం. ఇంకొకరివి పెట్టించుకుని మందులు వాడాలి.

స్టెమ్ సెల్స్ పేరు చెప్పి షుగరు, పక్షవాతం గ్యారంటీగా నయం చేస్తామని లక్షలు అడిగితే నమ్మకండి. రక్త క్యాన్సరుకు, తలసేమియాకు చేసే మూలకణాల మార్పిడి ఎప్పటినుంచో రుజువైన వైద్యం. చాలా జబ్బులకు మాత్రం ఇంకా పరిశోధన నడుస్తూనే ఉంది. ఇంట్లోవాళ్ళు పొలం తాకట్టు పెట్టకముందే పెద్దాసుపత్రిలో మరో డాక్టరును అడగమనండి.

కంట్లో సిమెంటు పడితే నలపకండి. ఫోర్‌మన్ కోసం ఆగకండి. వెంటనే రెప్పలు తెరిచి పట్టుకుని మంచినీళ్ళతో అరగంట కడిగి, ఆసుపత్రికి వెళ్ళండి. పక్కవాడికి పడితే మీరే నీళ్ళు పోయండి. ఎంత గొప్ప వైద్యం వచ్చినా, ఆ మొదటి నీళ్ళు పోసేది మన చేతులే.