ఆఖరి రోజుల్లో జావ ఎందుకు వద్దంటాను

"సిస్టరమ్మా, మూడు దినాలాయె, ఒక్క బుక్క లోపలికి పోలే. ఆకలితోని సంపుకుంటున్నమా మేము?"

చేవెళ్ల వైపు ఒక ఊళ్లో, రేకుల ఇంట్లో, ఒక ఇల్లాలు నన్నడిగిన మాట ఇది. చేతిలో రాగిజావ గిన్నె. మంచం మీద ఆమె భర్త, ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. గుట్కా వల్ల వచ్చిన క్యాన్సర్ కుడి చెంపను తినేసింది. చెంచాతో పోసిన జావ కొంత పుండులోంచి బయటికి కారుతోంది, కొంత గొంతులో గురగురమంటోంది. ఆమె కొంగుతో తుడుస్తుంది, మళ్లీ పోస్తుంది.

నేను పాలియేటివ్ కేర్ నర్సును. జబ్బు ఇక నయం కాదని తేలాక మనిషి బాధ తగ్గించడం, ఇంటివాళ్లకు తోడుండడం మా పని. వ్యాన్‌లో ఊళ్లు తిరుగుతాం. ఇన్నేళ్లలో మందుల కంటే తిండి గురించే ఎక్కువ మాట్లాడి ఉంటాను. మన ఇళ్లలో ప్రేమంటే పెట్టడమే. తినలేని మనిషి పక్కన ఊరికే కూర్చోవడం ఇంటివాళ్లకు ఎంత నరకమో రోజూ చూస్తాను.

అందుకే ఆమె చేతిలో గిన్నె లాక్కోలేదు. పక్కన కూర్చుని చెప్పాను. "అమ్మా, తినక ఆయన పోతలేడు. ఒళ్లు ఒక్కో పని బంద్ చేస్తున్నది, అందుకే తిండి అడుగుతలేదు." ఆ దశలో ఆకలి దాదాపు ఉండదు. మింగలేని మనిషికి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సెలైన్ ఎక్కించినా ఓపిక రాదు, కొందరికి ఒళ్లు వాచి ఆయాసం పెరుగుతుంది.

నోరు మాత్రం ఎండిపోతుంది. మెత్తటి పాత నూలు గుడ్డ వేలికి చుట్టి, ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, దాంతో చిగుళ్లు, నాలుక నెమ్మదిగా తుడవాలి. పెదవులకు కాస్త కొబ్బరినూనె. గంటకో రెండు గంటలకో మళ్లీ. తులసి తీర్థమో జమ్‌జమ్ నీళ్లో పోస్తామన్నవాళ్లను ఎన్నడూ వద్దనలేదు. చెంచాతో పోయకండి, తడిగుడ్డతో పెదవులకు అద్దండి అంటాను. ఆమె చేత అలాగే చేయించాను. ఆయన ఆ గుడ్డను మెల్లగా చప్పరించాడు. ఆమె జావ గిన్నె తీసుకెళ్లి పొయ్యి గట్టు మీద పెట్టింది.

అంతకు ముందు నెలలో ఆ ఇంట్లో ఇంకో బాధ ఉండేది. పుండు వాసన. మనవరాలు గడప దాటి లోపలికి వచ్చేది కాదు, ఆయన కంచం కూడా గడప దగ్గరే పెట్టేవాళ్లు. వాళ్లను తప్పు పట్టలేం, ఆ వాసన అలాంటిది. పుండు కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి చల్లి కట్టు కట్టడం కోడలికి నేర్పాం. వాసన పుట్టించే సూక్ష్మజీవులను చంపే మందు అది, చాలా చవక. వారం తిరిగేసరికి ఆ పిల్ల తాత మంచం మీద కూర్చుని పలక మీద రాసుకుంటోంది. నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే.

నొప్పికి మార్ఫిన్ అనగానే ఆయన కొడుకు భయపడ్డాడు, "మత్తుమందు గదా, అలవాటైతే?" అని. నొప్పికి తగ్గ మోతాదులో, వేళ తప్పకుండా, డాక్టరు చెప్పినట్టు ఇస్తే భయం అక్కర్లేదు. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు తోడుగా ఇస్తాం. మార్ఫిన్ తయారయ్యే నల్లమందును మన దేశంలోనే ప్రభుత్వ లైసెన్సుతో మధ్యప్రదేశ్, రాజస్థాన్ రైతులు పండిస్తారు. అయినా 1985 మాదకద్రవ్యాల చట్టం పెట్టిన కట్టుబాట్ల వల్ల ఎన్నో ఆసుపత్రులు దాన్ని తెప్పించుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సడలించారు. మధ్యలో ఎంతమంది మంచం పట్టెలు కరుచుకుని పోయారో తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

మందు పడ్డా మూలుగు ఆగని వాళ్లుంటారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత డాక్టరు అయ్యారు. ఒంటి నొప్పితో పాటు మనసు, అప్పు, ఇల్లు, దేవుడు అన్నీ కలిసి నొప్పిగా మారతాయని ఆమె మాకు నేర్పారు. హైదరాబాద్‌లో ఒకాయనకు నొప్పంతా కిరాయి ఇంటి గురించే. "ఇక్కడ పోతే ఓనరు శవాన్ని లోపలుంచనియ్యడు, నా పిల్లలు నన్ను రోడ్డు మీద పెట్టుకుంటరు" అని ఏడ్చేవాడు. మా సోషల్ వర్కరు వెళ్లి ఓనరుతో మాట్లాడి ఒప్పించాక ఆ రాత్రి నిద్రపోయాడు. మాత్రలు మార్చలేదు.

లారీ పెద్దాయన కొడుక్కి రాబోయేది ముందే చెప్పి ఉంచాను. కాళ్లు చల్లబడతాయి, మోకాళ్ల మీద నల్లగా మచ్చలు తేలతాయి, ఎగశ్వాస మొదలవుతుంది, ఊపిరి ఆగి ఆగి వస్తుంది. గొంతులో గురక వింటే మీకు భయమేస్తుంది, ఆయనకు మాత్రం అప్పటికి పెద్దగా తెలియదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ ఉండండి, వినపడుతుందనే అనుకోండి.

రాత్రి రెండింటికి ఫోన్ వచ్చింది. "సిస్టరమ్మా, మీరు చెప్పినట్టే అయితున్నది. అంబులెన్స్ పిలుస్తలేము. అందరం ఇక్కడ్నే ఉన్నం." తెల్లవారుజామున ఆయన పోయాడు.

పదకొండో రోజు తర్వాత వెళ్లాను. మనిషి పోయాక కూడా ఒకసారి ఆ ఇంటికి వెళ్తాం. ఆమె ఒకటే అడిగింది, "నోరెండి పోలేదు గదా?" అని. లేదమ్మా, నువ్వు ఎండనియ్యలేదు అన్నాను.

మీ ఇంట్లో ఎవరినైనా "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని పంపితే ఉత్త చేతులతో రాకండి. నొప్పికి మందు ఎక్కడిస్తారు, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, దగ్గర్లో పాలియేటివ్ కేర్ ఎక్కడుంది అని అక్కడే నిలబడి అడగండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది, తెలంగాణలో చాలా జిల్లాల్లో ప్రభుత్వ కేంద్రాలున్నాయి. తిండి ఆగిపోయాక కాదు, నొప్పి మొదలైనప్పుడే మమ్మల్ని పిలవండి.